ఊళ్లో ఇంకో ప్రాణం పోకుండా మనలాంటి మామూలు మనుషులం ఏం చేయగలం?

చౌడునేల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరు జనగామ దగ్గర. ఎక్కువమందిది పత్తి, నీళ్లున్న వాళ్లది వరి. పోయిన వానాకాలం నుంచి మొన్నటి సంక్రాంతి లోపల మా వాడకట్టులోనే ఇద్దరు ఆత్మహత్య చేసుకున్నారు. ఒకాయన కౌలు రైతు. ఇంకొకామె పెళ్లయి రెండేళ్లు కూడా నిండని కోడలు. రెండుసార్లూ ఊరు ఊరంతా కదిలింది. దినాలు అయ్యేదాకా ఆ ఇళ్ల ముందు టెంటు కింద జనం నిండుగా ఉన్నారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆ రెండిళ్లలోనూ పురుగుమందు వంటింటికి నాలుగడుగుల దూరంలోనే ఉండేదట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఇప్పుడు నా భయం మా బావ గురించి. మా మేనత్త కొడుకు. గులాబీ పురుగు వల్ల పత్తి సగానికి సగం పోయింది, కౌలు కట్టాలి, బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు అట్లాగే ఉంది. మనిషి మాట్లాడడం తగ్గించాడు. రాత్రి రెండింటికి, మూడింటికి లేచి వాకిట్లో కూర్చుంటున్నాడని అక్క చెప్పింది. మొన్న బ్యాంకు కాగితాలు, కౌలు రాసుకున్న నోటుబుక్కు ఎక్కడున్నాయో ఒక్కొక్కటే ఆమెకు చూపించాడట. పిల్లల్ని చూసుకొమ్మని నాతో కూడా ఒకసారి అన్నాడు. ఎందుకట్లా అంటున్నావంటే మాట మార్చాడు.

నేను డాక్టరును కాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లు అవుతుందేమోనని భయం, అడగకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. బావ విషయంలో ఏం చేయాలి? ఊరి మొత్తానికి ఏం చేయొచ్చు? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. ఊళ్లో మాట వినే కుర్రాళ్లు పది మంది దాకా ఉన్నారు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నారు.


వార్డుసిస్టర్:

తమ్ముడూ, ముందు మీ బావ సంగతి చూడండి. ఊరి సంగతి రేపైనా మాట్లాడుకోవచ్చు. నేను ఒక జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో స్టాఫ్ నర్సును.

అడగండి. వీలైతే ఇవాళే బస్సెక్కి వెళ్లి అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది చాలామందికి ఉన్న భయమే కానీ అది నిజం కాదు. మా ఓపీలో అడిగినప్పుడు మనుషులు ముందు ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత ఏడుస్తారు. నెలల తరబడి మోస్తున్న మాటను ఎవరో ఒకరు పైకి అన్నారు కదా అని.

పదిమందిలో అడగొద్దు. చేను గట్టు మీదో, బండి మీద ఎక్కించుకుని ఎక్కడికైనా తీసుకెళ్లో, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. "బావా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని తిన్నగా అడగండి. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా" అని అడగొద్దు. అట్లా అడిగితే ఎవరైనా లేవనే అంటారు, ఎందుకంటే మీరు వినదలచుకున్నది అదేనని వాళ్లకు అర్థమైపోతుంది. అడిగాక ఆగండి. ఆయన రెండు నిమిషాలు మాట్లాడకపోయినా మీరు మధ్యలో మాట అందుకోవద్దు. ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ, పిల్లల ముఖం చూడు అనే మాటలు మనం ప్రేమతోనే అంటాం. కానీ అవి విన్నాక అవతలి మనిషి నోరు మూసుకుంటాడు. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే మాత్రం వేయొద్దు. "ఒక్కడినే నిన్ను కాపాడుకోలేను, అక్కకు చెబుతాను, డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదాం" అని చెప్పండి.

అవునంటే ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందు ఆ పూటే బయటకు పోవాలి. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేసేది. కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయనే చేయాలని లేదు. ఏం మాట్లాడాలో తెలియడం లేదని మీరు చేసినా దారి చెబుతారు. మరుసటి రోజు జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు. (ఎర్రగడ్డ పేరును మనవాళ్లు తిట్టుగా వాడి వాడి, అవసరమైన మనిషి కూడా ఆ గడప తొక్కకుండా చేశారు. అక్కడా మంచి వైద్యం ఉంది.)

ఇంకో మాట, ఇది ఊళ్లో అందరికీ తెలియాలి. ఎవరైనా పురుగుమందు తాగారని అనుమానం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించడం, వేలు పెట్టి కక్కించడం వద్దు, దానివల్ల ఇంకా ప్రమాదం. డబ్బా కానీ లేబులు కానీ వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు వైద్యం తేలికవుతుంది. పోలీసు కేసు అవుతుందని ఆరెంపీ దగ్గర గంటలు గంటలు గడిపి, చేయి దాటాక మా దగ్గరికి తెస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు, పైగా వైద్యం చేయించే బాధ్యత ప్రభుత్వానిదే. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు. భయపడి ఆలస్యం చేయకండి.


ఎరువులకొట్టు:

సిస్టర్ గారు చెప్పినదంతా చేయండి. నేను రెండో ప్రశ్నకు, ఊరి సంగతికి జవాబు చెబుతాను.

నాది వరంగల్ వైపు ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు. మా నాన్న పెట్టింది. 1997-98లో ఈ జిల్లాలో పత్తికి లద్దె పురుగు పడి, ఎన్నిసార్లు మందు కొట్టినా చావక, రైతులు వరసగా పోయిన రోజుల్లో నేను కొట్టులో నాన్న పక్కన కూర్చుని బిల్లులు రాసేవాణ్ణి. పొద్దున ఖాతాలో పేరు రాసుకున్న మనిషి వారం తిరక్కముందే పోయాడని వినేవాళ్లం. అప్పటి నుంచి ఈ వ్యాపారంలో ఉంటూనే ఈ విషయం పట్టుకుని ఉన్నాను. నాకు అర్థమైనది ఒకటి. మనిషికి చావాలనిపించే ఆ గడియ చాలావరకు కొద్ది గంటలే ఉంటుంది. ఆ గంటల్లో మందు చేతికందకపోతే, పక్కన ఒక మనిషి ఉంటే, ఆయన బతుకుతాడు. బతికిన వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు. "ఇవాళ ఆపితే రేపు ఇంకో దారి చూసుకుంటాడు" అని మన ఊళ్లల్లో తేలిగ్గా అనేస్తారు. అది తప్పు.

మా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. ఎండలు ముదిరే రోజులు. పత్తి ఏరడం ఎప్పుడో అయిపోయింది, కట్టె కూడా పీకేశారు. అట్లాంటప్పుడు నాకు బాగా తెలిసిన రైతు ఒకాయన మిట్ట మధ్యాహ్నం వచ్చి మందు అడిగాడు. ఏ చేనుకు అన్నాను. మిరపకు అన్నాడు. ఆయన మిరప వేయలేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఏం పురుగు పడిందన్నాను. "ఏదో ఒకటి ఇయ్యి" అన్నాడు. మామూలుగా రైతు మందు కొనడానికి వస్తే ఆకు తెంపుకుని వస్తాడు, లేకపోతే ఫోన్లో ఫొటో చూపిస్తాడు, ధర దగ్గర బేరం ఆడతాడు, పోయినసారి ఇచ్చింది పనిచేయలేదని కొట్లాడతాడు. ఈయన గల్లా మీద నోటు పెట్టి, చిల్లర సంగతి కూడా అడగకుండా నిలబడ్డాడు. కాళ్లకు చెప్పులు లేవు.

స్టాక్ రాలేదు, సాయంత్రం వ్యానులో వస్తుంది, కూర్చో అన్నాను. లోపల యూరియా బస్తాల పక్కన బల్ల ఉంది, అక్కడ కూర్చోబెట్టి మా పిల్లవాణ్ణి టీకి పంపించాను. షట్టరు సగం దించి నేనూ పక్కన కూర్చున్నాను. "అన్నా, చచ్చిపోదామని వచ్చినవా?" అని అడిగాను. చాలాసేపు నేల చూశాడు. తర్వాత అవునన్నట్లు తల ఊపాడు. టీ వచ్చింది, తాగలేదు. నేను ఏ నీతీ చెప్పలేదు. రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున అన్నం తిన్నావా అని అడిగాను. అప్పుడు మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా చెప్పాడు. ఈలోగా ఆయన బావమరిదికి ఫోన్ చేసి పిలిపించాను. వాళ్లిద్దరూ మరుసటి రోజు ఆసుపత్రికి పోయారు, మందులు రాశారు. ఆ వానాకాలం విత్తనాలు నా దగ్గరే తీసుకున్నాడు. ఇప్పటికీ తీసుకుంటున్నాడు, ధర దగ్గర కొట్లాడుతున్నాడు కూడా.

కాబట్టి మీ కుర్రాళ్లు ముందు పోవాల్సింది మీ మండలంలో పురుగుమందుల షాపుల వాళ్ల దగ్గరికి. వాళ్లతో కూర్చోండి. చేను ఖాళీగా ఉన్నప్పుడు మందు అడిగితే, పురుగు పేరు చెప్పలేకపోతే, తాగి వచ్చి అడిగితే, ఎప్పుడూ రాని చిన్న పిల్లలో ఆడపిల్లలో ఒంటరిగా వచ్చి అడిగితే ఇవ్వొద్దు. ఇవ్వను అని పంపించేయడం కూడా వద్దు, ఇంకో షాపుకు పోతారు. కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేయాలి. నేను చూసినంతలో షాపు వాళ్లకు చెబితే ఒప్పుకుంటారు. తమ చేత్తో ఇచ్చిన డబ్బాతో మనిషి పోవాలని ఎవరూ కోరుకోరు.

రెండోది, ఇంట్లో మిగులు మందు. ఎకరాకు కావాల్సిన దానికన్నా పెద్ద డబ్బా కొంటారు, చౌక పడుతుందని. స్ప్రే అయ్యాక మిగిలింది ఇంటికి వస్తుంది. నేను చూసిన ఇళ్లలో అది ఎక్కడ ఉంటుందంటే బియ్యం డ్రమ్ము వెనక, దేవుడి పటాల గూటి కింద, స్నానాల గది గోడ మీద, మంచం కింద. దాని మీద పిల్లల బడి సంచి కూడా చూశాను. భార్యాభర్తలకు మాటా మాటా పెరిగిన రాత్రి అది అక్కడే ఉంటుంది. మీరు చెప్పిన ఆ చిన్న కోడలి విషయం నాకు తెలియదు, కానీ ముందునుంచీ ఏ ఆలోచనా లేకుండా కోపంలో, అవమానంలో చేయి పడేది ఇట్లాంటి డబ్బా మీదనే. ఇల్లు దాటి, చేను దగ్గర మోటారు షెడ్డులో తాళం వేసి పెడితే ఆ దూరం నడిచేలోపే ఎంతో మారుతుంది.

మా దగ్గర కొందరు రైతులతో మొదలుపెట్టించింది ఏమిటంటే, గట్లు కలిసిన చేలవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒకే రోజు స్ప్రే పెట్టుకోవడం. డబ్బా పంచుకుంటారు, ఆ రోజే అయిపోతుంది, ఇంటికి ఏమీ రాదు. ఖర్చు కూడా తగ్గింది. ఖాళీ డబ్బాలకు చిల్లు పొడిచి, నీళ్లు పట్టుకోవడానికి పనికిరాకుండా చేయాలి, అది వేరే సంగతి.

ఇది నా సొంత తెలివి కాదు. తమిళనాడులో కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఊళ్లల్లో స్నేహ సంస్థ వాళ్లు పురుగుమందులకు ఊరుమ్మడి గది కట్టించి, బ్యాంకు లాకర్ల మాదిరి పెట్టెలు పెట్టించారు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ మొదలుపెట్టిన సంస్థ అది. రైతు పోయి తన పెట్టె తెరుచుకుని కావాల్సినంత తెచ్చుకోవాలి, అక్కడ చూసుకునే మనిషి ఉంటాడు. రైతులు ఒప్పుకోరని మొదట అందరూ అనుకునే పని, కానీ వాడారు.

శ్రీలంక గురించి తప్పకుండా తెలుసుకోండి. 1990ల నడుమ అక్కడ ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే బాగా ఎక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చారు. రెండు దశాబ్దాల్లో ఆ రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంటలేమీ పడిపోలేదు. ఈ వ్యాపారం చేస్తూ చెబుతున్నాను, మన దగ్గర కూడా ఆ రకం మందులన్నీ పోవాలి, వాటికి బదులు వాడదగినవి ఉన్నాయి. మీ ఊరి గ్రామసభలో తీర్మానం చేసి వ్యవసాయ శాఖకు పంపండి.

అయితే అదే శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రంలో 180 ఊళ్లల్లో ఇంకో ప్రయత్నం జరిగింది. సగం ఊళ్లల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో ఫలితం వచ్చింది, ఇచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ తేడా కనబడలేదు. నాకు తోచిన కారణం, పెట్టె ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి ఆ మనిషి మొలతాడుకే ఉంటుంది. అందుకే పెట్టెలు పంచి ఫొటోలు దిగి పని అయిపోయింది అనుకోవద్దు. మందు ఇంట్లో నుంచి బయటకు పోవాలి, ఇంట్లోకి మనుషులు రావాలి.


సూటిగా:

అన్నీ బాగున్నాయి. కానీ అప్పు తీరకుండా మాటలతో కడుపు నిండుతుందా? కౌలు రైతుకు రైతుబంధు రాలేదు, బ్యాంకు లోను లేదు, పంట నష్టం వస్తే భూమి ఉన్నాయన ఖాతాలో పడుతుంది. అసలు కారణం వదిలేసి పక్కన కూర్చోండి, టీ తాగించండి అంటే ప్రభుత్వాల బాధ్యతను మన నెత్తిన వేసుకున్నట్లు కాదా?


ఎరువులకొట్టు:

మీరు చెప్పిన అన్యాయం నిజమే, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ ఆ కొట్లాట గెలిచేదాకా మనిషి ఉండాలి కదా అన్నా. పైగా అప్పు ఒక్కటే కారణమైతే అప్పున్న ప్రతి ఇంట్లో ఇదే జరగాలి. 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అందులో నాలుగో వంతు పైగా రోజుకూలీలు. కారణాల్లో అన్నిటికన్నా ముందున్నది కుటుంబ సమస్యలు, తర్వాత అనారోగ్యం. అప్పు, తాగుడు, నిద్ర లేకపోవడం, ఇంట్లో గొడవ అన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి. బెల్టు షాపు వీధికొకటి ఉన్న ఊళ్లో ఇది ఇంకా ఎక్కువ. మామూలప్పుడు ఆగే చేయి తాగినప్పుడు ఆగదు.

అప్పు విషయంలో కూడా ఊరివాళ్లు చేయగలిగింది ఉంది. అప్పుల్లో మునిగిన మనిషికి మొత్తం ఎంతో ఆయనకే తెలియదు. ఒక పూట కూర్చుని కాగితం మీద రాయించండి. బ్యాంకుకు ఎంత, మా లాంటి షాపుల్లో ఉద్దెర ఎంత, చేబదులు ఎంత, మిత్తి ఎంత. నేను చూసిన చాలా ఇళ్లల్లో తల మీద ఉందనుకున్నదానికన్నా కాగితం మీద తక్కువే తేలింది. తర్వాత నమ్మకమైన ఇద్దరు పెద్దమనుషులు పోయి అప్పిచ్చిన వాళ్లతో మాట్లాడాలి. వచ్చే పంట దాకా మిత్తి ఆపమని, అసలు విడతలుగా తీసుకొమ్మని. ఆ మనిషిని వెంట తీసుకెళ్లి పదిమందిలో నిలబెట్టొద్దు. చాలామంది పోయేది అప్పు వల్ల కాదు, వాకిట్లోకి వచ్చి భార్యాపిల్లల ముందు అన్న మాట వల్ల. అట్లా ఎవరైనా ఇంటి మీదికి వస్తే చుట్టుపక్కల వాళ్లు తలుపులేసుకోకుండా బయటకు వచ్చి నిలబడాలి, అంతే చాలు, సగం గొంతు తగ్గుతుంది. కుర్రాళ్లు లోన్ యాప్‌ల వాళ్లకు చిక్కితే, ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయించండి. 2011 చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని ఉంది, దాని మీద మండలంలో గట్టిగా అడగండి.


తునికాకు:

నేను సిరిసిల్ల దగ్గర బీడీలు చేస్తాను. మా ఆయన మరమగ్గాల మీద పనిచేసేవాడు. పని లేని ఏడాది పోయాడు. ఎట్లా పోయాడో ఇక్కడ రాయను.

ఈ తమ్ముడు దినాలు అయినంక ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు అని రాశాడు. ఆ ముక్క చదివి రాస్తున్నాను. పోయిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్ల గురించి కూడా ఎవరైనా ఆలోచించాలి. నాకూ అదే దారి అనిపించిన రోజులు ఉన్నాయి. మా ఇంటికి వచ్చిన వాళ్లందరూ ఒకటే ప్రశ్న, ముందు నీకు తెలవదా, గొడవేమన్నా అయిందా అని. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాలి. చెప్పకపోతే ఏదో దాస్తోందని. కొందరు శుభకార్యాలకు పిలవడం మానుకున్నారు. ఇంకొందరు మా పిల్లల ముందే తండ్రి పేరు ఎత్తకూడదని సైగలు చేసుకునేవాళ్లు. పిల్లలకు అర్థం కాదా?

మా పక్కింటి అత్త ఒక్కామె వేరే తీరు. ఏమీ అడగలేదు. తన చాట, ఆకు, కత్తెర తెచ్చుకుని మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకునేది. నేను లోపల పడుకుని ఉంటే కత్తెర చప్పుడు వినబడేది. కొన్నాళ్లకు నా చాట కూడా తెచ్చి పక్కన పెట్టింది. ఆకు తడిపి ఇచ్చింది. ఒకరోజు కూర్చున్నాను. ఆకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. ఆ రోజు మొదటిసారి ఆయన గురించి నాకై నేను మాట్లాడాను. ఆయనకు చేపల పులుసంటే ఇష్టం, అది చెప్పాను. ఆమె నవ్వింది, "అవు, నా ఇంటికి వచ్చి కూడా అడిగి తినేటోడు" అన్నది. చచ్చిపోయిన తీరు గురించి కాక, బతికిన మనిషి గురించి ఎవరో మాట్లాడారు.

మీరు నిజంగా చేయాలనుకుంటే ఆ రెండిళ్లకూ ఇప్పుడు పోండి. పింఛను కాగితాలు, రేషన్ కార్డులో పేరు మార్పు, పిల్లల హాస్టల్ సీటు, వీటికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆడవాళ్లం ఒంటరిగా తిరగలేక వదిలేస్తాం. మీ కుర్రాళ్లలో ఒక్కరు బండి మీద తీసుకుపోయినా ఎంతో మేలు. పొదుపు సంఘం మీటింగుల్లో కిస్తీ కట్టలేదని ఆ ఇంటి ఆడమనిషిని నిలదీయకుండా చూడమని మీ ఊరి లీడర్లకు చెప్పండి. సంవత్సరీకానికి ముందు, పండుగలకు ముందు మరీ కష్టంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా ఇంట్లో ఉండాలి.

ఫోన్లో తీసిన ఫొటోలు, వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకుండా చూడండి తమ్మీ. మా పెద్దోడు అట్లాంటిది ఒకటి చూశాడు.


ఫిజిక్స్‌సార్:

జూనియర్ కాలేజీలో చెబుతాను. మీ కుర్రాళ్లకు ఇంకో పని. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు ఊళ్లో పరీక్ష రాసిన పిల్లలు ఎవరెవరో ముందే తెలుసుకుని ఉండండి. ఆ పూట వాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు. ఫెయిలైన పిల్లవాడికి ఆ క్షణంలో తెలియాల్సింది ఒక్కటే, కొన్ని వారాల్లోనే సప్లిమెంటరీ ఉంది, పాసైతే ఏడాది వృథా కాదు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ఇది అమ్మానాన్నలకు ఫలితాల ముందు రోజే ఎవరో ఒకరు ఇంటికి పోయి చెప్పాలి. బంధువులు మార్కులు అడగడానికి ఆ రోజు ఫోన్ చేయకుంటే మంచిది. నేను నా విద్యార్థుల్లో తప్పిన వాళ్లకు ఆ సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. సిలబస్ ఎక్కడి నుంచి మొదలుపెడదామో మాట్లాడతాను.


చౌడునేల:

అందరికీ చేతులెత్తి దండం. ఆలస్యంగా రాస్తున్నాను. సిస్టర్ గారి జవాబు చదివిన రాత్రే బయలుదేరాను.

బావను బండి మీద చెరువు కట్ట దాకా తీసుకెళ్లి అడిగాను. మీరు రాసిన మాటే అన్నాను. వెంటనే కోపం వచ్చింది ఆయనకు, నీకెవరు చెప్పారు అన్నాడు. నేను మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, చాలా రోజుల నుంచి ఉందని. అక్కకు చెప్పాం. ఇంట్లో ఉన్న డబ్బాలు అన్నీ ఆమే ఏరి ఇచ్చింది, అటుక మీద ఒకటి ఉన్న సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. 14416కి నేను ఫోన్ చేసి, తర్వాత ఆయనకు ఇచ్చాను. జిల్లా ఆసుపత్రిలో డాక్టరు గారు చూశారు. డిప్రెషన్ అన్నారు, మాత్రలు రాశారు. ఎరువులకొట్టు అన్న చెప్పినట్లు అప్పుల కాగితం రాయించాం. మా ఊరి రిటైర్డ్ టీచరు గారు, మాజీ వార్డు మెంబరు కలిసి కౌలు ఆసామితో మాట్లాడుతున్నారు.

తునికాకు అక్క రాసింది చదివి మా అమ్మ ఆ కౌలు రైతు ఇంటికి పోయి వచ్చింది. ఆయన భార్యకు పింఛను ఇంకా కాలేదు. ఆ పని మా తమ్ముడు పట్టుకున్నాడు.

ఇప్పుడు ఒక ఇబ్బంది. మాత్రలు వేసుకుని వారం దాటింది. బావ "నిద్ర తప్ప ఏ మార్పూ లేదు, ఇవి మత్తు గోలీలు, అలవాటైపోతాయంట, మానేస్తా" అంటున్నాడు. పక్కింటి వాళ్లు కూడా అదే అంటున్నారట. ఏం చెప్పాలి?


వార్డుసిస్టర్:

మంచి పని చేశారు తమ్ముడూ. మీ అక్కకు కూడా నా మాటగా చెప్పండి.

మాత్రలు ఆపనివ్వొద్దు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు మనసు మీద పనిచేయడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నిద్ర, ఆకలి ముందు బాగవుతాయి, మనసు తేలికపడడం తర్వాత. కాబట్టి వారానికి నిద్ర వచ్చిందంటే అది మంచి సూచనే. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు మత్తు కోసం ఇచ్చేవి కావు. నిద్రకు వేరే మాత్ర ఏమైనా కలిపి ఇచ్చి ఉంటే, అది ఎన్నాళ్లు వాడాలో డాక్టరును అడగండి. సొంతంగా ఒక్కసారిగా ఏదీ మానకూడదు. చీటీ ఫొటో తీసి పెట్టుకోండి, పోయినప్పుడు అదే చూపించండి.

ఈ మొదటి వారాలు ఇంకొంచెం కనిపెట్టుకుని ఉండాలి. ఒంట్లో ఓపిక వస్తుంది, మనసులో దిగులు ఇంకా పోదు, ఆ మధ్య కాలం జాగ్రత్త. మాత్రల డబ్బా అక్క దగ్గర ఉంచి, ఏ పూటవి ఆ పూట ఆమే ఇవ్వాలి. చేను దగ్గరికి ఒంటరిగా పంపకండి, ఎవరో ఒకరు తోడు పోవాలి. తాగుడు ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆలోచనలు మళ్లీ ఎక్కువైతే, మాట్లాడడం పూర్తిగా మానేస్తే, వాయిదా తేదీ దాకా ఆగకండి. అదే రోజు తీసుకురండి, రాత్రయితే క్యాజువాలిటీకి తీసుకురండి. వాయిదా రోజు మీరు రాలేకపోతే మీ కుర్రాళ్లలో ఎవరు తోడు వస్తారో ఇప్పుడే అనుకోండి. మా దగ్గర ఎక్కువమంది రెండోసారి రాకుండా ఆగిపోయేది బస్సు ఖర్చుకు, తోడు లేకపోవడానికి.